పదకొండో వాటాలో ఒక్క చిన్న పని

తోల్కున్‌బెక్‌కి ఉన్నది ఒకటే జబ్బు. ఏ ఇంట్లోనూ పని పూర్తిచేసి బయటికి రాడు. తీగలు లాగుతాడు, దీపాలు బిగిస్తాడు, గోడలకి కన్నాలు పెడతాడు. ఇక అయిపోయింది కదా అని మనం చీపురు పట్టుకునే వేళకి గుమ్మం దగ్గర ఆగి, "ఎజె, ఇంకొక్క చిన్న పని మిగిలింది, రేపొస్తా" అంటాడు. ఎజె అంటే అక్క, మాలో పెద్ద వయసు ఆడవాళ్లందరినీ అలాగే పిలుస్తారు. అన్నట్టే వస్తాడు. ఆ చిన్న పని చేస్తాడు. పోతూ పోతూ ఇంకో చిన్న పని మిగిల్చి పోతాడు. బిష్కెక్ ఊళ్లో వాడు అడుగుపెట్టిన ప్రతి ఇంట్లోనూ ఎక్కడో ఒకచోట సగం తిప్పిన స్క్రూ ఒకటి వాడి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఈ సంగతి తెలిసి తెలిసీ వాణ్ణి మా మేడకి పిలిచింది నేనే. నా పేరు బర్చిన్. ఆ మేడకి సంబంధించినంతవరకు తాళాల గుత్తి, చీపురు, మెట్ల మీద బురద ఎవరు తొక్కారన్న తగువు నావి. మేడ మాత్రం కనిషాయ్ అయిమ్‌ది. అయిమ్ అంటే అమ్మగారన్నమాట. ఐదంతస్తులు, ఇరవై వాటాలు, అన్నీ అద్దెకిచ్చినవే. ఆవిడ ఒకసారి అల్మాటీలో వియ్యంకులింటికి వెళ్లొచ్చింది. అక్కడ చప్పట్లు కొడితే తెరలు తొలిగాయట. మనిషి గదిలోకి రాగానే దీపం దానంతటదే వెలిగిందట. తలుపు ఇంటివాళ్ల ముఖాలు గుర్తుపట్టిందట. ఇంక ఆవిడకి నిద్ర లేదు, మాకూ లేకుండా చేసింది.

"బర్చిన్, మన మేడ కూడా తెలివైన మేడ కావాలి" అంది.

"మేడకి తెలివెందుకు అయిమ్, అందులో ఉన్నవాళ్లకి ఉంటే చాలదూ?"

"వాళ్లకి ఉంటే నాకీ ఖర్చెందుకు? పనివాణ్ణి చూడు."

"ఉన్నాడు. నా చిన్ననాటి స్నేహితురాలి కొడుకు. చెయ్యి మంచిది. వాడికి నేను పూచీ" అనేశాను. మేడలోని తలుపులన్నిటికీ తాళాలున్నాయి, నా నోటికే లేదు.

"సరే. నూరూజ్ పండక్కి మా వియ్యంకులు వస్తున్నారు. ఆ రోజుకి ఇరవై వాటాల్లోనూ పని పూర్తయిపోవాలి. ఒక్క దీపం తప్పినా సరే, వాడికి ఈ ఊళ్లో ఏ మేడలోనూ పని దొరక్కుండా చేస్తాను. నువ్వు తాళాలు నా చేతిలో పెట్టి వెళ్లిపోదువుగాని."

పని పూర్తిచేయడమే తెలియనివాడికి పూచీ పడ్డానని అప్పుడు గుర్తొచ్చింది.

తోల్కున్ వచ్చిన రోజు టీ పోసి కూర్చోమన్నాను. "కూర్చుంటే నాకు తిమ్మిరెక్కుతుంది ఎజె" అని పియాలా పట్టుకుని గదంతా తిరిగాడు. మొదటి గుక్క కిటికీ దగ్గర తాగాడు, రెండోది మెట్ల మీద. మూడోది ఎక్కడ తాగాడో తెలియదుగాని పియాలా సాయంత్రం నాలుగో అంతస్తులో దొరికింది. ముప్పై దాటిన మనిషి. పొడుగ్గా, సన్నగా, చెవి వెనక స్క్రూడ్రైవరుతో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటాడు. మార్షూత్కాలో వస్తుంటే బండి ఎర్రదీపం దగ్గర ఆగడం వాడికి పడదు. దిగి నడక మొదలుపెడతాడు. బండి కదిలి తనని దాటబోయేసరికి చెయ్యెత్తి ఆపి మళ్లీ అదే బండి ఎక్కుతాడు. ఆ దారి డ్రైవర్లందరికీ వాడు బాగా పరిచయం.

పని మొదలైంది. ఒక వాటాలో మొదలుపెట్టి, అది చేసి, తర్వాతదానికి పోయే మనిషి కాడు కదా! నిచ్చెన మూడో వాటాలో, డ్రిల్లు ఏడో వాటాలో, టోపీ పదిహేనో వాటాలో. వాడు మాత్రం ఈ మూడింట్లోనూ లేడు.

"నా డ్రిల్లు చూశారా ఎజె?"

"నిచ్చెన దగ్గరుందేమో చూడు."

"నిచ్చెన ఎక్కడుంది?"

"డ్రిల్లు దగ్గరేమో!"

"సరే" అని నిజంగానే వెతకడానికి పరుగెత్తేవాడు.

తలుపులకి మాటలొచ్చాయి. ఎవరైనా గడప ఎక్కగానే తలుపు చక్కటి ఆడగొంతుతో "సలాం, దయచేయండి" అనడం మొదలుపెట్టింది. మాలో గడప మీద నిలబడి ఎవరూ పలకరించుకోరు, చెయ్యి కలపరు. అలా చేస్తే తగువులొస్తాయని భయం. తలుపుకి ఆ మర్యాద ఎవరు నేర్పాలి? మేడలోని ముసలమ్మలందరూ పెదవులు బిగించి గడప దాటి లోపలికెళ్లి, అప్పుడు వెనక్కి తిరిగి తలుపుకి "అలేకుం సలాం" చెప్పి, బాగున్నావా అమ్మా అని అడగసాగారు. తొమ్మిదో వాటా ముసలమ్మ అయితే "ఈ పిల్ల మర్యాదస్థురాలే గాని గడప సంగతి తెలియదు, పట్నంలో పెరిగిందేమో" అని నాతో అంది. తోల్కున్‌కి చెబితే నెత్తి కొట్టుకున్నాడు. మనిషి లోపలికి వచ్చాకే పలకరించేలా ఇరవై తలుపులకీ బుద్ధి చెప్పాడు. చెప్పి, ఇరవై తలుపుల దగ్గరా ఒక్కో చిన్న పని మిగిల్చాడు.

వాడి జబ్బుకి మందేసి పెంచింది మా రొట్టె. ఎంత తొందరలో ఉన్నా మా ఇళ్లలో రొట్టె రుచి చూడకుండా ఎవరినీ గుమ్మం దాటనివ్వరు. నిలబడే ఒక్క ముక్క తుంచుకుని నోట్లో వేసుకోవాలి, అప్పుడే సెలవు. కూర్చోవడం తెలియని తోల్కున్‌కి ఈ పద్ధతి తెగ నచ్చింది. వాటాకో ముక్క చొప్పున మేడంతా తినుకుంటూ తిరిగేవాడు. ఒకచోట వెన్న, ఒకచోట మీగడ, ఒకచోట పండుముక్కల పాకం. సాయంత్రానికి వాడి జేబుల నిండా రొట్టె పొడే. వీధిలోకి రాగానే పోప్లార్ చెట్ల మీది పిచ్చుకలు వాడి వెనక బయల్దేరేవి.

"ఒరేయ్, రొట్టె కోసమే కదూ ప్రతి ఇంట్లోనూ పని మిగులుస్తున్నావు?" అని నిలదీశాను.

"ఛ, ఛ! పద్నాలుగో నంబరులో మీగడ బాగుంటుంది, అంతే" అని మెట్లెక్కి మాయమయ్యాడు.

పదకొండో వాటాలో అసనాలీ అతా, అంటే అసనాలీ తాత, ఒక్కడే ఉండేవాడు. జీవితమంతా ఈ ఊరి వీధుల్లో, పైని కరెంటు తీగలకి తగులుకుని నడిచే ట్రాలీబస్సు నడిపిన మనిషి. భార్య పోయాక కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు, ఇంక లేవలేదు. ఏదో ఒకటి ఉడకబెట్టుకుని తినేవాడు. పక్క వాటావాళ్లు బజారు నుంచి బియ్యం, బంగాళాదుంపలు తెచ్చి తలుపు దగ్గర పెట్టేవారు. నేను పలకరిస్తే "ఊఁ" అనేవాడు, అదైనా బుద్ధి పుట్టినప్పుడే. తోల్కున్ అక్కడ పని చేసిన మొదటి రోజు తాళాలతో నేనూ వెళ్లాను. కుర్చీకి పైన కప్పుకి దీపం బిగించాడు, ఇల్లు వెచ్చబెట్టే గొట్టానికి మర బిగించాడు, తలుపుకి మాటలు నేర్పాడు. ముసలాయన ఒక్కసారి కూడా తల తిప్పలేదు. మేము బయల్దేరుతుంటే మాత్రం అలవాటుగా లేచి వంటింట్లోకి వెళ్లాడు. బల్ల మీద గుడ్డ ఎత్తాడు. గుడ్డ కింద ఏమీ లేదు.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "రొట్టె... లేదు" అన్నాడు. అన్నాళ్లలో ఆయన నోటి నుంచి నేను విన్న రెండు మాటలు అవే.

"మంచిదే అయింది అతా, నాకింకా ఒక్క చిన్న పని మిగిలింది. రేపొచ్చినప్పుడు తింటాలెండి" అన్నాడు తోల్కున్, ఒక కాలు అప్పటికే బయటపెట్టి.

మెట్ల మీద వాణ్ణి పట్టుకున్నాను. "దీపం వెలుగుతోంది. తలుపు మాట్లాడుతోంది. ఏం మిగిలిందిరా?"

"ఏదో ఒకటి మిగులుతుంది ఎజె" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ వారంలోనే ఆరో వాటాలో రభస జరిగింది. అక్కడుండే నర్సు బేగిమై చెవులకి పోగులు పెట్టి సంబంధం ఖాయం చేసుకోవడానికి పెళ్లివారొచ్చారు. బల్ల నిండా నూనెలో వేయించిన బోర్సోకులు, మాంసం, పళ్లు. పెళ్లికొడుకు తాత దీవించడానికి అరచేతులు పట్టాడు. అందరూ అరచేతులు పట్టి, తల వంచి, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ముసలాయన మాటకీ మాటకీ మధ్య చాలాసేపు ఆగే రకం. "ఈ పిల్ల అడుగుపెట్టిన ఇల్లు..." అని ఆగాడు. టప్పున దీపాలన్నీ ఆరిపోయాయి.

చీకట్లో ఎవరూ కిక్కురుమనలేదు. దీవెన మధ్యలో కదిలితే అపచారం. కదలకపోతే దీపం రాదు. ముసలాయనకి తర్వాతి మాట మరుపున పడింది. పెళ్లికొడుకు మేనత్త మాత్రం "అడుగుపెట్టక ముందే ఇల్లు చీకటి చేసింది" అని గొణిగింది. బేగిమై తల్లికి పైప్రాణాలు పైనే పోయాయి. చివరికి ముసలాయన ఏమీ తోచక, దీవెన ముగిసినట్టు "ఓమీన్" అన్నాడు. అందరూ ఒక్కసారిగా చేతులు ముఖం మీంచి దించుకున్నారు. ఆ కదలికకి దీపాలన్నీ భగ్గున వెలిగాయి.

"చూశారా! ఓమీన్ అనగానే వెలుగొచ్చింది. ఇంతకన్నా శుభశకునం ఎక్కడైనా ఉందా?" అంది పెళ్లికొడుకు నాయనమ్మ. పోగులు చెవులకెక్కాయి. అదృష్టం బాగుండి బయటపడ్డాం.

మర్నాడు తోల్కున్‌ని ఆరో వాటా మధ్యలో నిలబెట్టాను.

"మనిషి కదలకపోతే ఖాళీ గది అనుకుని దీపం ఆరిపోతుంది ఎజె, దాని పనే అది. కాని నేను చూసినప్పుడు ఆరలేదే!" అన్నాడు, ఈ కాలు మీంచి ఆ కాలు మీదికి మారుతూ.

"నువ్వు పుట్టాక ఎప్పుడైనా కదలకుండా ఉన్నావుట్రా? ఇప్పుడు నిలబడు. అలాగే నిలబడు."

నిలబడ్డాడు. ముక్కు గోక్కున్నాడు. నేను చేతులు పట్టుకుంటే కాలు ఊపాడు. కాలు తొక్కి పట్టుకుంటే మెడ తిప్పి "ఆ తీగ కొంచెం వంకరగా లేదూ?" అన్నాడు. దీపం దర్జాగా వెలుగుతూనే ఉంది. బేగిమై తల్లి వంటింట్లోంచి పిండి బస్తా ఈడ్చుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, పైన మొగుడి కల్పాక్ టోపీ పెట్టింది. మేమందరం బయటికెళ్లి తలుపు సందులోంచి చూశాం. కాసేపటికి దీపం ఆరిపోయింది.

"నీకన్నా బస్తా బుద్ధిమంతురాలు" అన్నాను.

ఆ బస్తాని భుజాన వేసుకుని వాడు వాటా వాటాకీ తిరిగాడు. కుర్చీలో కూర్చోబెట్టడం, ఫోన్లో ఏదో నొక్కడం, దీపం ఎంతసేపు ఆగాలో సరిచేయడం. ఇంక ఎవరు ఎంతసేపు కదలకుండా కూర్చున్నా దీపాలు ఆరలేదు. ఒక్క పదకొండో వాటాలో తప్ప.

అక్కడ అసనాలీ అతా కుర్చీలో బిగుసుకుని కూర్చుంటే నెత్తి మీది దీపం ఆరిపోయేది. చెయ్యి ఊపితే వెలిగేది. మళ్లీ ఆరేది. మొదట్లో ఆయన నా గదికి గంట కొట్టి "దీపం" అనేవాడు. తర్వాత "దీపం ఆరింది" అన్నాడు. వారం తిరిగేసరికి మాటలు పెరిగాయి.

"బర్చిన్! ఆ మిడతగాడెక్కడ? దీపం పెట్టమంటే దోబూచులాట పెట్టాడు! మా ట్రాలీబస్సులో ఇలాంటి దీపం ఉంటే ప్రయాణికులు నన్ను పీక నులిమి చంపేవాళ్లు! పంపించు వాణ్ణి!"

మిడత గెంతుకుంటూ వెళ్లేవాడు. నిచ్చెన ఎక్కేవాడు, దిగేవాడు. పైనుంచి కేకలు కిందిదాకా వినిపించేవి. చివరికి గుమ్మం దగ్గర, "ఇంకొక్క చిన్న పని మిగిలింది అతా."

"నీ చిన్న పని తగలెయ్యా! రేపు ఎన్నింటికొస్తావు?"

"ఎన్నింటికైనా వస్తా."

"రొట్టె తిని చావు!"

ఈ గొడవతో నా తల ప్రాణం తోకకొచ్చింది. కేకలు ఒక్కటే కాదు. మిడత వచ్చే వేళకి ఇంట్లో తాజా రొట్టె లేకపోతే పరువు తక్కువ కదా, అందుకని ముసలాయన రోజూ పొద్దున్నే మలుపులోని తందూరు కొట్టుకి బయల్దేరేవాడు. మొదట్లో ఇంట్లో తిరిగే చెప్పులతోనే పోయి వచ్చేవాడు. తర్వాత బూట్లు వేసుకున్నాడు. ఆ తర్వాత కోటు, కల్పాక్ కూడా. నేను కడిగిన మెట్ల మీద అప్పుడే మంచు బురద తొక్కుకుంటూ వచ్చి, రొట్టె చంకలో పెట్టుకుని నిలబడి, మిడత మీద నాకు చాడీలు చెప్పేవాడు. తందూరు దగ్గర ఎవరెవరు కలిశారో, ఎవరి మోకాళ్లు ఎలా ఉన్నాయో, అవీ చెప్పేవాడు. నాకు పని లేదా? చీపురు పట్టుకుని ఎంతసేపని వింటాను? అయినా విన్నాను.

పండగ ఎల్లుండి అనగా కనిషాయ్ అయిమ్ కబురు పంపింది. వియ్యంకులు బయల్దేరారు, రేపే మేడ చూడటానికి వస్తున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తోల్కున్‌ని చొక్కా పట్టుకుని మెట్ల కింద నిలబెట్టాను.

"ఇరవై వాటాల్లో ఇరవై చిన్న పనులు మిగిల్చావు. ఇవాళ పూర్తిచేయకపోతే రేపు నీకు ఈ ఊళ్లో పని ఉండదు, నాకు ఈ తాళాలు ఉండవు. అర్థమైందా?"

అర్థమైంది. వాడు అంత పరుగు పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. ఒకచోట స్క్రూ, ఒకచోట మూత, ఒకచోట తీగకి చుట్టిన పట్టీ. మధ్యాహ్నానికల్లా పందొమ్మిది వాటాల్లో పని అయిపోయింది. అన్ని వారాలు సాగదీసినవన్నీ చిటికెలో చేసే పనులే. నాకు కోపం ఇంకా పెరిగింది.

"ఇంక పదకొండు. పద."

వాడు మెట్టు మీద ఆగిపోయాడు. కాలు ఊపలేదు, తల తిప్పలేదు, ముక్కు గోక్కోలేదు. "అది కుదరదు ఎజె" అన్నాడు.

"ఏం కుదరదు? ఫోన్ ఇటు తే!" లాక్కుని చూశాను. మేడలోని దీపాలన్నీ అందులో వరసగా ఉన్నాయి. పదకొండో వాటాలో వంటింటి దీపం బాగానే ఉంది, పడగ్గది దీపం బాగానే ఉంది. కుర్చీ మీది దీపానికి మాత్రం అన్నిటికన్నా తక్కువ వ్యవధి పెట్టి ఉంది. అదేదో చెడిపోయింది కాదు. కావాలని పెట్టింది.

"నువ్వే పెట్టావుట్రా?"

"నేనే."

"ముసలాయన్ని చీకట్లో కూర్చోబెట్టి ఏం బావుకుందామని?"

"మొదటి రోజు ఆయనింట్లో రొట్టె లేదు ఎజె" అన్నాడు తోల్కున్. "చెవులెలా ఎర్రబడ్డాయో చూశారుగా. పనైపోతే నేను వెళ్లక్కర్లేదు. నేను వెళ్లకపోతే ఆయన రొట్టె కొనడు. రొట్టె కొనకపోతే మెట్లు దిగడు. నేను పెట్టే సామానంతా అలాంటిదే కదా, తలుపు తీయడానికి మనిషి లేవక్కర్లేదు, దీపానికి మనిషి లేవక్కర్లేదు. ఏదో ఒక్కటి మిగలకపోతే ఎవరు ఎవరింటికి వెళ్తారు?"

నాకు మెట్ల మీది బురద గుర్తొచ్చింది. దాని కోసం నేను వేసిన కేకలూ గుర్తొచ్చాయి. వాడి మీద ముచ్చటేసింది, వాణ్ణి పట్టుకుని ఊపేయాలనీ అనిపించింది. కాని రేపు కనిషాయ్ అయిమ్ వస్తుంది. వాడికి పని పోతే ఆ మంచితనాన్ని ఏ గోడకి బిగించుకుంటాడు?

"సరిచెయ్యి నాయనా. తర్వాత సంగతి తర్వాత" అన్నాను.

ఇద్దరం పైకెళ్లాం. వాడు ఫోన్లో ఒక్కసారి నొక్కాడు. కాసేపు చూశాం. అసనాలీ అతా కుర్చీలో కదలకుండా కూర్చున్నా దీపం ఆరలేదు.

"అయిపోయింది అతా" అన్నాడు. వాడి నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు.

"ఇంకేమీ మిగల్లేదా?"

"లేదు."

"చిన్నది కూడా?"

"లేదు అతా."

ముసలాయన బల్ల మీది గుడ్డ ఎత్తాడు. కింద రెండు రొట్టెలున్నాయి. "రెండు కొనేశానే ఇవాళ" అని తనలో తాను అనుకున్నాడు. తోల్కున్ ముక్క తుంచుకున్నాడుగాని నమలడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు కనిషాయ్ అయిమ్ బొచ్చుటోపీ పెట్టుకుని వియ్యంకుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. తలుపులు మర్యాదగా పలకరించాయి, అదీ గడప దాటాకే. తెరలు తొలిగాయి. దీపాలు వెలిగాయి, ఆగాయి. వియ్యపురాలు ఒక్కో వాటాలో కదలకుండా నిలబడి మరీ పరీక్ష చేసింది. కనిషాయ్ అయిమ్ ముఖం అంతస్తు అంతస్తుకీ విప్పారింది. ఒక్కో ఇంట్లో ఒక్కో రొట్టెముక్క తింటూ, నేను ఆఖరికి అట్టిపెట్టిన పదకొండో వాటాకి చేరాం.

అసనాలీ అతా కల్పాక్ పెట్టుకుని, కోటు గుండీలన్నీ పెట్టుకుని కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. నెత్తి మీది దీపం వెలగలేదు. వియ్యపురాలు చెయ్యి ఊపింది. వెలగలేదు. కనిషాయ్ అయిమ్ రెండు చేతులూ ఊపింది. గోడ మీది మీట నొక్కింది. చప్పట్లు కూడా కొట్టింది. వెలగలేదు.

తోల్కున్ నిలువునా నీరయ్యాడు. "నిన్న వెలిగింది" అన్నాడు.

"చూశారా అయిమ్, ఈ మిడతగాడి పని!" ముసలాయన ఒక్కసారిగా గొంతెత్తాడు. "అయిపోయిందన్నాడు నిన్న! ఇదా అయిపోవడం? రేపు రమ్మనండి! ఎల్లుండి కూడా రమ్మనండి!"

కనిషాయ్ అయిమ్ నావైపు చూసింది. నా చెయ్యి దానంతటదే నడుముకున్న తాళాల గుత్తి మీదికి పోయింది. తోల్కున్ నిచ్చెన ఎక్కి దీపం మూత విప్పాడు. అలాగే ఉండిపోయాడు. నేను మునివేళ్ల మీద లేచి చూశాను. తీగ తెగలేదు, కాలలేదు. ఎవరో శుభ్రంగా ఊడదీసి, దెబ్బ తగలకుండా కొసకి నల్ల పట్టీ చుట్టారు. పాతకాలపు పద్ధతిలో, ఒత్తుగా, ఓపిగ్గా చుట్టిన చుట్టు.

తోల్కున్ ముసలాయన వైపు చూశాడు. ముసలాయన కిటికీలోంచి కొండల వైపు చూశాడు. ఆయన కోటు జేబు పట్టీ చుట్ట అంత మేర ఉబ్బి ఉంది.

"పెద్ద లోపమే అయిమ్" అన్నాడు తోల్కున్ నిచ్చెన మీంచి. ముఖం వెలిగిపోతోంది. "దీనికి చాలా రోజులు పడుతుంది."

కనిషాయ్ అయిమ్ ఇరవై వాటాల మేడని ఊరికే నడపడం లేదు. దీపం వైపు చూసింది, జేబు వైపు చూసింది, కల్పాక్ వైపు చూసింది. రెండేళ్లుగా అద్దె తీసుకోవడానికి వచ్చినప్పుడల్లా కుర్చీలోంచి లేవని మనిషి ఇప్పుడు తలుపు దాకా నడిచివెళ్లి వియ్యపురాలికి రొట్టె పళ్లెం అందిస్తున్నాడు. "తినండి, తినండి, ఇవాళ పొద్దుటి తందూరుదే, వాడు నాకోసం నువ్వులెక్కువ జల్లుతాడు" అంటున్నాడు.

ఆవిడ ఒక ముక్క తుంచుకుని నెమ్మదిగా నమిలింది. నేను తాళాల గుత్తి విప్పబోయాను.

"ఉంచు" అంది. "పందొమ్మిది వాటాలూ బాగున్నాయి. వియ్యంకులవారి కొత్త మేడలో పనికి వీణ్ణే పంపిస్తాను. పదకొండో నంబరు పనికి మాత్రం నేను కూలి ఇవ్వను. రొట్టె మీద చేసుకోమను."

వాళ్లు కార్లెక్కి పోయాక ముసలాయన్ని మెట్ల దగ్గర పట్టుకున్నాను. "అతా, ఆ తీగ..."

"జీవితమంతా తీగ ఊడితే దిగి తగిలించినవాణ్ణి. ఊడదీయడం రాదా నాకు?"

"అయితే వాడు కావాలని చేస్తున్నాడని మీకు తెలుసా?"

"వంటింట్లో ఆరని దీపం నా కుర్చీ మీదే ఎందుకారుతుంది? ముసలివాణ్ణేగాని మూర్ఖుణ్ణి కాదు బర్చిన్." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "రొట్టె కోసమే వస్తున్నాడు పాపం. అలా గాలికి ఎగిరిపోయేలా ఉన్నాడు, ఎవరూ సరిగ్గా తిండి పెడుతున్నట్టు లేదు. వద్దంటే నొచ్చుకుంటాడని నేనూ ఊరుకున్నాను. వాడితో అనకు సుమా!"

వాడితో అనలేదు. వాడి సంగతి ఈయనతోనూ అనలేదు. ఒకరికొకరు ఉపకారం చేస్తున్నామని ఇద్దరూ అనుకుంటుంటే మధ్యలో నాకెందుకు?

మొన్న సాయంత్రం నిచ్చెన కోసం పైకెళ్లాను. తలుపు పలకరించింది. లోపల కుర్చీ దగ్గరంతా మసక చీకటి. టీ వాసన, వేడి రొట్టె వాసన.

"ఎవరూ లేరా?" అన్నాను.

"ఉన్నాం" అన్నాడు అసనాలీ అతా.

కళ్లు అలవాటుపడ్డాక చూశాను. కిటికీ పక్కన రెండు కుర్చీలు. ఒకదాంట్లో ముసలాయన. రెండోదాంట్లో, కాళ్లు చాపుకుని, పియాలా రెండు చేతుల్లో పట్టుకుని, తోల్కున్. కూర్చున్నాడు! కూర్చుని, ముసలాయన చెప్పే పాత ట్రాలీబస్సు కబురు వింటూ ఎంతసేపటి నుంచి కదల్లేదో ఏమో, వాడే తీగ తగిలించి, మళ్లీ తక్కువ వ్యవధి పెట్టిన దీపం వాడి నెత్తి మీదే ఆరిపోయింది.

"చెయ్యి ఊపరా, దీపం వస్తుంది" అన్నాను.

"ఒక్క నిమిషం ఎజె" అన్నాడు వాడు కదలకుండానే. "ఇంకొక్క చిన్న కబురు మిగిలింది."